పై షడ్జమానికి ముందే మోగిన తబలా

1955 వేసవి. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మాది పక్కనే కల్లూరు. నేను సరోజమ్మక్క వెంట తబలా వాయిస్తూ ఊరూరా తిరిగేవాణ్ని. సీమలో పద్యనాటకం చూసేవాళ్లకు ఆమె పేరు చెబితే చాలు, బండ్లు కట్టుకుని వచ్చేవారు. పోస్టరు మీద ఆమె పేరు పెద్దక్షరాల్లో, నాటకం పేరు చిన్నక్షరాల్లో ఉండేది. నా పేరు ఉండేది కాదు. తబలావాడి పేరు చూసి టిక్కెట్టు కొనే పిచ్చివాడు ఇంకా పుట్టలేదు లెండి.

పద్యానికి తాళం ఉండదు కదా, మరి నీకు పనేమిటని చాలామంది అడిగారు. పద్యం అయ్యాక చివరి అక్షరం పట్టుకుని రాగం తీస్తారు. అక్కడుంది మా పని. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే సందును తబలాతో నింపాలి. రాగం దిగాక ముక్తాయింపు వేసి ముగించాలి. అది పడిందంటే పద్యం అయిపోయినట్టే, జనం చప్పట్లు కొడతారు. పాడేవాళ్ల కంటే ముందే దాన్ని వేయడమంటే తాళి కట్టకముందే అక్షింతలు చల్లడమే.

అక్క పై షడ్జమం, అంటే పై స్థాయి 'స', అందుకుని నిలబెడితే పందిరి ఊగిపోయేది. 'వన్స్ మోర్' అని అరిచేవారు. అంటే ఆ పద్యం మళ్లీ మొదటినుంచి పాడాలి. కాదంటే కుర్చీలు గాల్లోకి లేస్తాయి.

ఆ వేసవిలో ఆమె గొంతు దెబ్బతింది. కొన్నాళ్లు పాడవద్దని, మొండికేస్తే గొంతు తిరిగి రాకపోవచ్చని కర్నూలు డాక్టరు చెప్పాడు. కానీ ఎర్రగుంట్లలోనూ ఆలూరులోనూ కాంట్రాక్టరు అప్పటికే నాటకాలు ఒప్పుకుని టిక్కెట్లు అమ్మేశాడు.

"పోదాం పదండప్పా. నా పేరు చూసి కొన్నోళ్లకు ఏం చెప్తాం?" అంది అక్క.

హార్మోనిస్టు ఖాదర్ సాయిబూ నేనూ వాద్యాలు సర్దుకుని బయల్దేరాం. రైల్లో ఆమె దగ్గిన ప్రతిసారీ నా ప్రాణం విలవిల్లాడింది.

ఎర్రగుంట్లలో మొదటి పద్యానికే వన్స్ మోర్ పడింది. పాడింది. మళ్లీ అరిచారు. ఈసారి గొంతులో జీర వినిపించింది. మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి. రాగం పైకెక్కుతోంది. ఇంకొక్క మెట్టెక్కితే గొంతు చిట్లుతుందనిపించింది. భయం పట్టలేక ముక్తాయింపు వేసేశాను. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. అక్క తెరిచిన నోటితో అలాగే నిలబడి నావైపు చూసింది.

నాటకం ముగిశాక మేకప్పు గదికి పిలిచింది.

"ఏమప్పా, నా పద్యం యాడ ఆపాల్నో నీకెవురు చెప్పినారు?"

"గొంతు పోతాదని భయపడినానక్కా."

"పోతే నా గొంతు పోతాది. తెలిసే పాడతాండా. అంతమంది ముందర నోరు తెర్సుకోని నిలబడేట్ల చేస్తివి కదా!"

సాయిబు అడ్డుపడ్డాడు. "నీ మంచికే చేసినాడు లేమ్మా."

"మంచి చేసేటోడు నన్నడిగి చేయాల."

నాకూ కోపం వచ్చింది. మేలు చేసినవాడికి ఇదా మర్యాద అనుకున్నాను. ఆలూరు చేరేదాకా మా ఇద్దరికీ మాటల్లేవు. అక్కడ ఆమె రంగు వేసుకుంటుండగా ఉండబట్టలేక వెళ్లి అడిగాను.

"అక్కా, ఈడ నన్నేం చేయమంటావు?"

అద్దంలోంచే చూసింది. "నేను ఎక్కతా. జారితే నువ్వు ఇడ్సిపెట్టొద్దు. అంతే."

ఎర్రగుంట్లలో నేను ఆపేసిన పద్యమే వచ్చింది. రాగం పైకెక్కుతున్నా ఈసారి నేను ఆపలేదు. ఆమె పై షడ్జమాన్ని తాకింది. తాకీ తాకగానే గొంతు పుటుక్కున తెగింది.

నేను వెంటనే తబలా అందుకున్నాను. సాయిబు కింది షడ్జమం నొక్కి పట్టాడు. వాయిస్తూనే ఉన్నాను. అక్క గుటక వేసింది, ఊపిరి తీసుకుంది, కింది స్థాయిలో రాగం మళ్లీ పట్టుకుంది. మెల్లగా దిగింది. తల ఊపింది. అప్పుడు వేశాను ముక్తాయింపు. చాలాసేపు చప్పట్లు కొట్టారు. వన్స్ మోర్ అని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఆ షడ్జమం ఆమెకు మళ్లీ అందలేదు. శ్రుతి తగ్గించుకుని ఇంకా చాలాకాలం పాడింది, నేనే వాయించాను. ఎర్రగుంట్లలో ఆపడం తప్పని నేను ఇప్పటికీ అనను. అయితే ఆపే హక్కు నాది కాదు. తర్వాత ఎందరికో వాయించాను, ఎవరి రాగాన్నీ ముందుగా ముగించలేదు. భయం మాత్రం పోలేదు. పాడేవాళ్లు పైకెక్కిన ప్రతిసారీ, ఎక్కడ జారుతారోనని, చేతులు తబలా మీద పెట్టుకుని కాచుకుని కూర్చునేవాణ్ని.