మా అత్త కథకు ఊకొట్టనివాణ్ణి

మా ఇలవేల్పు కథను ఏడాదికి ఒక్కసారే, రాగి కోతలయ్యాక, కొత్తపిండి ముద్ద నైవేద్యం పెట్టిన రోజు పగలు చెప్పాలి. చెప్పేవాళ్ళొకరు, ఊకొట్టేవాళ్ళొకరు. ఊ ఆగితే కథ ఆగాలి. తెగిన కథను అతకకూడదు, పైయేడు దాకా కాచుకోవాల్సిందే. కంబైనల్లూరులో ఉండే మా మేనత్తకు తప్ప అది మొత్తంగా ఎవరికీ రాదు. ఊకొట్టడం మా నాయన పని. మేమంతా ఏటా విన్నవాళ్ళమే, కథెక్కడికి పోతుందిలే అన్న ధీమాతో సగంలో లేచిపోయినవాళ్ళమే. నాయన పోయాక ఆ పని నా మీద పడింది.

అప్పుడు నేను తమిళదేశంలోని మా ధర్మపురి బస్టాండు దగ్గర ఒక సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. కళ్ళు నెత్తికెక్కిన రోజులవి. ఇంటర్నెట్‌లో మాటల గదులు కొత్తగా వచ్చాయి. ఎక్కడెక్కడి వాళ్ళో అందులో చేరి గొంతులు వినొచ్చు. ఒకే పేజీని ముగ్గురు మూడు ఊళ్ళనుంచి రాసే వసతి కూడా అప్పుడే వచ్చింది. బెంగుళూరులో చిన్నాయన కొడుకు, హోసూరులో పెదనాయన కూతురు. ఇద్దరికీ సెలవు దొరకదు. అత్త సెంటర్లో కూర్చుని చెబితే వాళ్ళు అక్కడ వింటూ రాస్తారని ఏర్పాటు చేశాను. రాత మాత్రం తమిళ అక్షరాల్లో. మాట్లాడేది తెలుగే అయినా చదువులన్నీ తమిళంలోనే, తెలుగు అక్షరం మా ముగ్గురిలో ఎవరికీ రాదు. ఈ అక్షరాలు నేను చాలా తరువాత నేర్చుకున్నాను.

మాకు కావలసింది కథ చివర ఉంది. ఏరు దాటాక మా వంశానికి మూలమైన అన్నదమ్ములిద్దరూ విడిపోతారు. చిన్నవాడి సంతతి మేము. పెద్దవాడు ఏ ఊరికి పోయాడో ఆఖరున వస్తుంది.

"ఆ ఊరిపేరు తెలిస్తే పోయి చూస్తాం అన్నా. మనోళ్ళు ఉండారేమో," అన్నాడు బెంగుళూరు తమ్ముడు.

అత్త పొద్దున బస్సులోనే దిగింది, టిఫిన్ డబ్బాలో ముద్ద పెట్టుకుని. నేను చెవులకు హెడ్‌ఫోన్ తగిలిస్తే నవ్వింది.

"ఇదేమిరా, ఎద్దుకు మూకుతాడు మాదిరి! వాళ్ళు యాడుండారు?"

"దీంట్లోనే ఉండారత్తా. నువ్వు చెప్పుకుంటా పో, వాళ్ళు ఊకొడతారు."

ఆ మాట ఏ నోటితో అన్నానో! ఆ గదుల్లో ఒకసారికి ఒక్కరికే మైకు. అత్త మాట్లాడేంతసేపూ అవతలివాళ్ళ గొంతు ఇటు రాదు. రోజూ పదిమందికి పాఠం చెప్పే మొనగాణ్ణి, నాకది తట్టలేదు. పైగా అవతల హోసూరు అక్క రికార్డు చేస్తోంది, అది శుభ్రంగా రావాలని పక్కనే కూర్చుని నోరు మూసుకున్నాను.

అత్త మొదలుపెట్టింది. ఒక మాట చెప్పి ఆగింది. కానీ అన్నట్టు చేయి ఊపాను. ఇంకో మాట, మళ్ళీ ఆగడం, మళ్ళీ నా చేయి. అలా ఏరు దాకా వచ్చింది. అన్నదమ్ములు గట్టెక్కారు. చిన్నోడు ఈ పక్క వచ్చినాడంది. పెద్దోడు, అని ఆగి నావైపు చూసింది. నేను పెదాల మీద వేలు పెట్టాను.

అత్త హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"దీంట్లో ఎవురూ లేరురా."

"ఉండారత్తా! ఇంకొక్క మాట, పెద్దాయన ఏ ఊరికి పోయినాడో చెప్పేయ్."

"తెగిపోయింది కదరా. వచ్చే ఏడు చెప్తాలే. అప్పుడైనా మీ నాయన మాదిరి నోరు తెరిచి ఊకొట్టు."

ముద్ద మాత్రం నాకు పెట్టింది. మధ్యాహ్నం బస్సు ఎక్కించాను. బస్సు కదిలేదాకా చిరాకుపడుతూనే ఉన్నాను, చాదస్తం కాకపోతే ఏమిటని. మళ్ళీ కోతలు రాకముందే, వానాకాలంలో అత్త పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కంబైనల్లూరులో ముసలివాళ్ళందరినీ అడిగాను. ఎవరికీ తెలియదు. మేము రాసిన పేజీ 'పెద్దోడు' అనే మాట దగ్గరే ఆగి ఉంది.

ఇప్పటి గదులు వేరు. ఎంతమందైనా ఒకేసారి మాట్లాడొచ్చు, చెప్పింది చెప్పినట్టు అక్షరాలుగా పడుతుంది. ఆఫీసు మీటింగుల్లో అందరూ మైకు మూసుకుని కూర్చుంటే నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఎవరేం చెబుతున్నా ఊ అంటూనే ఉంటాను. నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

అక్క ఆ రికార్డింగు మొన్న పంపింది. ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. పెద్దోడు, అంది అత్త. తరువాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం నేనే.

"ఊఁ, అత్తా," అన్నాను పైకి.

హెడ్‌ఫోన్ బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది.