ఆర్డిస్ ఒంటిచక్రం, వెర్నర్ మంచులారీ

మా హెమ్లాక్ బేలో నవంబరు వచ్చిందంటే సుపీరియర్ సరస్సు మీద నుంచి గాలి ఈడ్చి కొడుతుంది. బుద్ధి ఉన్నవాళ్ళు సైకిళ్ళను షెడ్డులోకి నెట్టి తలుపేసుకుంటారు. ఆర్డిస్ లాహ్టి మాత్రం సరిగ్గా అప్పుడే తన బండికి లావుపాటి టైరు ఎక్కించి, దానికి ఇనుప మేకులు బిగించడం మొదలుపెడుతుంది. ఆ బండికి చక్రం ఒకటే. హ్యాండిలు లేదు. చక్రం మీద సీటు, సీటు మీద ఆర్డిస్, అంతే.

ఆమె మా ఊరి పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే ఉద్యోగం చేస్తుంది. ఈ కథ జరిగేనాటికి యాభైకి దగ్గరపడింది. ఒంటరిగా ఉండేది. మేం చదువుకునే రోజుల్లో బడిలో వ్యాయామం మాస్టరు ఒకాయన పిల్లలకు ఒంటిచక్రం నేర్పి, జూలై నాలుగు స్వాతంత్ర్య దినం ఊరేగింపులో నడిపించేవాడు. ఆ పిల్లలందరూ పెద్దయి, కార్లు కొనుక్కుని ఆ సంగతే మరిచిపోయారు. ఈవిడ మరవలేదు. వేసవిలో తిరిగితే ఎవరికీ పట్టేది కాదు. కానీ ఒక ఏడు ఆకులు రాలే రోజుల్లో ఆమె కారు పూర్తిగా మూలపడింది. కొత్తది ఎండలు వచ్చాక చూసుకుంటాననీ, చలికాలమంతా ఒంటిచక్రం మీదే పనికి వెళ్తాననీ నా కాఫీ హోటల్లో కూర్చుని చెప్పింది.

ఆ హోటలు నడిపేదాన్ని కాబట్టి ఊళ్ళో ఎవరేమన్నారో నాకు బాగా తెలుసు. క్రిస్మస్ లోపు కాలు విరుగుతుందని కొందరు, కాలు కాదు నడుమని కొందరు వాదించుకున్నారు. అయితే నవ్వినవాళ్ళకు ఒక చిక్కుంది. ఎప్పుడో ఒకప్పుడు వాళ్ళందరూ ఆమె ముందు నోరు తెరుచుకుని పడుకోవలసిందే. ఆర్డిస్ వాళ్ళ చిగుళ్ళ దగ్గర గీకుతూ, తాజా మంచు మీద చక్రం ఎలా పోతుందో, గడ్డకట్టిన మంచు మీద ఎలా పోతుందో, ఊపిరి తగిలి కళ్ళద్దాలు మసకబారకుండా ఏం చెయ్యాలో తీరిగ్గా చెప్పేది. ఎదురు చెబుదామంటే నోట్లో గొట్టం ఉండేది.

ఆమెను చూసి నవ్వనివాడు ఒక్కడే, వెర్నర్ హొకాన్సన్. అతనికి నవ్వు బదులు కోపం వచ్చేది. ఊళ్ళో రోడ్ల మీద మంచు తోసే లారీ అతనిది. పెళ్ళి చేసుకోలేదు, అక్క గున్‌హిల్డ్ ఇంట్లో ఉండేవాడు. తెల్లారేసరికి రోడ్లన్నీ తోసి, నా దగ్గర మాంసం కూరి కాల్చిన పేస్టీ తిని, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా వెళ్ళిపోయే మనిషి. పొద్దున్నే లారీ దీపాల వెలుగులో ఒక ఆడమనిషి గాల్లో తేలుతున్నట్టు కనిపించడం అతని గుండెకు పడలేదు. ఊరి మీటింగులో లేచి, ఆ బండిని రోడ్డెక్కనివ్వకూడదన్నాడు.

“ఒక్క చక్రం ఉన్నదాన్ని బండి అనరు, సర్కస్ అంటారు. సర్కస్‌కి రోడ్డెందుకండీ?”

ఆర్డిస్ కూర్చున్నచోటి నుంచే అడిగింది. “మీ లారీకి పది చక్రాలున్నాయి కదా వెర్నర్ గారూ. మరి పోయిన వారం అది పాస్టరుగారి పోస్టుడబ్బా మీదికి ఎందుకెక్కిందండీ?”

పక్కనే ఉన్న పాస్టరుగారు నవ్వు కనబడకుండా పైకప్పు కేసి చూశారు. ఊరి గుమాస్తా నిబంధనలన్నీ తిరగేస్తే గుర్రాల గురించి ఉంది, మంచు మీద జారే బళ్ళ గురించి ఉంది, ఒంటిచక్రం మాటే లేదు. ఆ చర్చ అక్కడితో ఆగిపోయింది.

జనవరిలో వెర్నర్‌కి పళ్ళు శుభ్రం చేయించుకునే వంతు వచ్చింది. ఊరంతా ఆ రోజు కోసం కాచుకుని ఉందంటే అబద్ధం కాదు. ఆర్డిస్ అతన్ని బాగా వెనక్కి వాల్చి, మొత్తం చలికాలం సంగతులు చెప్పిందట. అతను ఊఁ అనడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడట. లేచి నోరు పుక్కిలించాక, పడితే దెబ్బ తగలదా అని మాత్రం అడిగాడు. తగులుతుంది, అందుకే ముందు పడటం నేర్చుకోవాలి అందామె.

ఆ తర్వాత మా ఊళ్ళో ఒక వింత జరిగింది. ఎప్పుడూ చివరాఖరికి మంచు తీసే బర్చ్ వీధిలో అన్నిటికంటే ముందు తీయడం మొదలైంది. ఆర్డిస్ ఇల్లు ఆ వీధిలోనే. అది కూడా ఏదో పైపైన కాదు, అంచుల దాకా గీకి, ఇసుక చల్లి మరీ. కొండ మీద ఉండేవాళ్ళు గొణిగారు. రోడ్డు వాలును బట్టి అలా మార్చానని వెర్నర్ చెప్పాడు. బర్చ్ వీధికి వాలు లేదన్న సంగతి అందరికీ తెలుసు.

ఫిబ్రవరిలో అతను కుంటడం మొదలుపెట్టాడు. ఒక వారం ఎడమ కాలు, ఇంకో వారం కుడి కాలు. నా హోటల్లో కుర్చీ మీద దిండు వేసుకుని కూర్చునేవాడు. మెట్ల మీద జారానని చెప్పాడు కానీ గున్‌హిల్డ్ ఇంటికి ఉన్నది ఒకే ఒక్క మెట్టు. చివరికి గున్‌హిల్డే నాతో చెప్పింది. తమ్ముడు ఎక్కడో దూరపు ఊళ్ళో పాత ఒంటిచక్రం ఒకటి కొన్నాడట. లారీ షెడ్డులో తలుపులేసుకుని, లారీ ముందుండే మంచు తోసే పారను పట్టుకుని తొక్కడం నేర్చుకుంటున్నాడట. ఎవరికీ చెప్పనని ఆమెకు మాటిచ్చాను. నిజంగానే చాలామందికి చెప్పలేదు. ఆర్డిస్‌కి మాత్రం అసలే చెప్పలేదు.

మార్చిలో మంచు కాస్త కరిగి మళ్ళీ గడ్డకట్టింది. ఆ పొద్దున ఆర్డిస్ పనికి వెళ్తూ పళ్ళ డాక్టరు క్లినిక్ మలుపులో పడింది. పడటం ఎంత బాగా వచ్చినా అక్కడ చెయ్యి ఆనకుండా ఉండలేకపోయింది. మణికట్టు విరిగింది. కట్టుతో ఇంట్లో కూర్చుంది. చూడటానికి వెళితే ఆమె నాతో వాతావరణం గురించి మాట్లాడింది తప్ప చక్రం మాటెత్తలేదు. చక్రం మీద దుప్పటి కప్పి ఉంది. ఆ దుప్పటి చూసి నాకు దిగులేసింది.

హోటల్లో మాత్రం అందరూ ముందే చెప్పామన్నారు. ఇక అది అటకెక్కినట్టేనని ఒకాయన అన్నాడు. వెర్నర్ సగం తిన్న పేస్టీని పళ్ళెంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. అతను తిండి వదిలేయడం నేను చూడటం అదే మొదలు.

నేరుగా ఆర్డిస్ ఇంటికే వెళ్ళాడని ఆమే తర్వాత చెప్పింది. తలుపు తీస్తే గుమ్మంలో అతను, చంకలో ఒంటిచక్రం.

“ఇదెక్కడిది?”

“కొన్నాను. నేర్పుతారా?”

“రోడ్డు మీద సర్కస్ వద్దన్నది మీరే కదా.”

“వద్దన్నాను. ఇప్పుడూ అంత ఇష్టమేం లేదు.” చంకలోని చక్రాన్ని గుమ్మంలో దించాడు. “ముందు పడటం నేర్చుకోమన్నారు కదా. అది బాగా వచ్చేసింది. ఆ తర్వాతదే రావట్లేదు.”

పడ్డ తర్వాత ఆర్డిస్ నవ్వడం అదే మొదటిసారి. నవ్వి, నవ్వి, ఎవరితోనూ అననిది అతనితో అనేసింది.

“నాకిప్పుడు దాన్ని చూస్తేనే భయమేస్తోంది వెర్నర్.”

“నాకు మొదట్నుంచీ అంతే,” అన్నాడు అతను.

మర్నాటి నుంచి లారీ షెడ్డులో పాఠాలు మొదలయ్యాయి. ఆర్డిస్ శాలువా చుట్టుకుని కుర్చీలో కూర్చునేది. అతను పారను పట్టుకుని ఎక్కేవాడు, పారను వదిలి పడేవాడు. కింద చూడొద్దు, తలుపు కేసి చూడండి అని ఆమె అరిచేది. ఈ అండీ గిండీ అంతా ఎక్కడో జారిపోయి, తలుపు కేసి చూడవయ్యా అనేదాకా వచ్చింది. ఊరి రోడ్ల పనివాళ్ళు మధ్యాహ్నం భోజనాలు అక్కడికే తెచ్చుకుని తింటూ చూసేవారు.

ఏప్రిల్లో ఆమె కట్టు విప్పారు. వెర్నర్ అప్పటికీ ఎడమవైపే వాలుతున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు. ఆర్డిస్‌కి ఒళ్ళు మండి, “అలా కాదయ్యా మహానుభావా, ఇటివ్వు,” అని చక్రం లాక్కుని ఎక్కేసింది. షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకి వెళ్ళి, మలుపు తిరిగి వచ్చింది. సగం దారిలో గానీ తను భయపడాలన్న సంగతి గుర్తుకు రాలేదట. గుర్తొచ్చాక ఆగలేక ఇంకో చుట్టు తిరిగింది. తినేవాళ్ళు తినడం ఆపేశారు. వెర్నర్ మాత్రం ఒళ్ళంతా గ్రీజుతో నేల మీదే కూర్చుని చూస్తున్నాడు. తమ్ముడికి భోజనం తెచ్చి ఆ ముఖం చూసిన గున్‌హిల్డ్ ఆ వారంలోనే అతని గది ఖాళీ అయితే ఏం చెయ్యాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో పెళ్ళయింది. కేకు నేనే చేశాను. అది ఒక పక్కకి ఒరిగింది, ఆ సంగతి ఎవరూ అడగొద్దు. ఆర్డిస్ కొత్త కారు కొనలేదు. వెర్నర్ ఇప్పటికీ ఆమె భుజం పట్టుకుంటేనే తొక్కగలడు. అదీ వేసవిలోనే. చలికాలం పొద్దున్నే అతను లారీతో ముందు వెళ్తాడు, ఆమె కాస్త దూరంలో వెనక వస్తుంది. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ ఏ వీధిలో మంచు ఎలా ఉందో అదే మాట్లాడుకుంటారని గున్‌హిల్డ్ విసుక్కుంటుంది. అయినా ప్రతి శనివారం వాళ్ళింటికే భోజనానికి వెళ్తుంది.