ముక్క ముక్కగా చదివించిన మేడం

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ ఇంగ్లీషు మేడం పోయిందంట. వారం నుంచి కర్నూలు దవాఖానల ఉన్నదంట, మనకెవరికీ తెల్వదు." వనపర్తి హాస్టల్ వరండాలో అలాగే నిలబడిపోయాను. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఒక్కరైనా చెప్పి ఉంటే వెళ్లి చూసేదాన్ని.

రాజోలి దగ్గరి మా ఊరి బడికి ఆమె విద్యా వలంటీరుగా గద్వాల నుంచి బస్సులో వచ్చేది. బురఖా మడిచి కుర్చీకి వేసి, ముందు మా పుస్తకాలు తిరగేసేది. ఇంగ్లీషు మాటల మీద వాటిని పలికే తీరు పెన్సిలుతో తెలుగులో రాసుకున్నామా, రబ్బరు చేతికిచ్చేది. "అది మీద కూసుంటే కింద ఉన్నది ఎట్ల కనిపిస్తది?" అనేది. పొడుగు మాట వస్తే బోర్డు మీద అడ్డగీతలు గీసి ముక్కలు చేసేది. "ట్రాన్స్ అంటే అవతలికి. పోర్ట్ అంటే మోసుడు. తుంగభద్ర మీద మనల్ని దాటిచ్చే పుట్టి చేసే పని అదే కదా!" అని నవ్వేది. "జొన్నరొట్టె ఒక్కపారే మింగుతమా? తుంచుకోవాలె" అనేది. నేను అందరికన్నా మెల్లగా తుంచేదాన్ని. క్లాసంతా నవ్వినా ఆమె నవ్వలేదు.

ఏడో తరగతిలో తనిఖీకి పెద్ద సారు వస్తున్నాడన్నారు. వచ్చే ఏడు ఆమెను ఉంచాలా వద్దా అన్నది ఆయన చేతిలోనే ఉంది. "ఒక పేజీ బట్టీ పట్టియ్యమ్మా, గండం గడుస్తది" అన్నాడు హెడ్మాస్టర్. "చదువుడు నేర్పిన సార్, చదువుతరు" అంది ఆమె.

మర్నాడు ఆ సారు వేలు నా వైపే తిరిగింది. రెండు వాక్యాలు గడిచాయి. మూడో దాంట్లో 'అన్‌కంఫర్టబుల్' అడ్డం పడింది.

"అన్..." అన్నాను. "కం..."

సారు గడియారం చూసుకున్నాడు. "చాలు, కూర్చో. ఇంకొకరు లేవండి."

"జర ఆగండి సార్," అంది మేడం. "పిల్ల ఇంకా మాట లోపలనే ఉన్నది."

ఆయన ముఖం మాడ్చుకుని బయటికి నడిచాడు.

జూన్‌లో ఆమె స్థానంలో వేరే ఆయన వచ్చాడు. ఇవాళ ఎంత పొడుగు మాటనైనా భయపడకుండా చదువుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. కానీ ఆమె అనగానే నా కళ్ల ముందుకొచ్చేది ఆ నిమిషమే. బయట జీపు స్టార్టవుతోంది. "నువ్వు గూడ రామ్మా, సారుకు ఒక్క మాట సర్దిచెప్పు" అని గుమ్మంలోంచి హెడ్మాస్టర్ బతిమాలుతున్నాడు. ఆమె అటు చూడలేదు. వచ్చి నా బెంచీ మీద, నా పక్కనే కూర్చుంది.

"ఊఁ," అంది. "తర్వాత?"