కొనే చెయ్యి, అమ్మే చెయ్యి

2007 చలికాలం. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఒక రిహాబ్ క్లినిక్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌గా చేస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళకి బొత్తాలు పెట్టుకోవడం, తల దువ్వుకోవడం, అన్నం తినడం మళ్ళీ నేర్పే పని మాది. కిటికీ బయట మంచు, దాని వెనక సిటీకి వెళ్ళే రైళ్ళు. మధ్యాహ్నం మూడింటికి ఆ మంచు వెలుతురు గదంతా పరుచుకునేది. అప్పుడు మాటలు కూడా మెత్తబడేవి.

ఒకరోజు ఆ వెలుతుర్లోకే సుభద్రగారు భర్తని వీల్‌చైర్‌లో తోసుకుంటూ వచ్చారు. ఫైల్లో పేరు చూసి ఉలిక్కిపడ్డాను. ఆప్షన్స్ రామ్మోహన్! ఈయన కథ చెప్పుకోని తెలుగువాళ్ళ పార్టీ మా ఊళ్ళో లేదు. డెబ్బైల్లో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, షేర్ల ధరల మీద పందేల్లాంటి ఆప్షన్స్ కొని అమ్మే పిట్‌లోకి దిగిన మొదటి తెలుగువాడట. పిట్ అంటే మెట్లుమెట్లుగా ఉండే గుంట. అందులో నిలబడి అరుస్తూ, చేతులూపుతూ బేరాలాడేవారు. ఆ సంపాదనతో ఈయన సరస్సు ఒడ్డున మేడ కట్టారు. ఎనభై ఏడులో మార్కెట్ కూలిన రోజు సర్వం పోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఎవరి గడపా తొక్కలేదు.

ఇప్పుడు కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో తినరు, భార్య కలిపి పెడితే నోరు తెరవరు. స్ట్రాతో నాలుగు గుక్కల మిల్క్‌షేక్ తాగి రోజు గడిపేస్తున్నారు.

"ఇలాగే పోదామని ఈయన ఎత్తు" అన్నారు సుభద్రగారు నా చెవిలో.

పది విజిట్లలో మెరుగు కనబడకపోతే ఇన్సూరెన్స్ థెరపీ ఆపేస్తుంది. నేను పెగ్స్ డబ్బా తెచ్చాను. చిన్న చిన్న కొయ్య పుల్లల్ని తీసి బెజ్జాల్లో పెట్టాలి.

"నాకు పిల్లలాటలా అమ్మాయ్?" అని డబ్బా నెట్టేశారు.

ఆరు విజిట్లు అలాగే వృథా అయ్యాయి. నాకూ ఒళ్ళు మండింది, దాచడమెందుకు?

ఏడోసారి భుజానికి వేడి కాపడం పెడితే కునుకు పట్టింది ఆయనకి. దూరంగా రైలు కూత వినిపించింది. ఆయన ఎడమచెయ్యి మెల్లగా గాల్లోకి లేచింది, పెదాలు కదిలాయి. ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి కూడా కాస్త వణికింది.

"ఎక్కడున్నారు అంకుల్?"

"ఫ్లోర్ మీద, పిట్‌లో" అన్నారు కళ్ళు తెరవకుండానే. "రంగురంగుల కోట్లు తొడుక్కున్న జనం. అందరూ ఒక్కసారే అరుస్తుంటే చివరికి ఏమీ వినపడదమ్మాయ్, నీళ్ళలో ఉన్నట్టుంటుంది. చేతులే మాట్లాడతాయి. అరచెయ్యి అవతలికి చూపిస్తే అమ్ముతున్నానని. నావైపు తిప్పుకుంటే కొంటున్నానని."

అరచేతిని మనవైపు తిప్పుకోవడాన్ని మేం సుపినేషన్ అంటాం. పక్షవాతం వచ్చిన చెయ్యి ఎక్కువగా మొరాయించేది అక్కడే. ముద్ద నోటిదాకా వెళ్ళాలంటే కావలసిందీ అదే.

డబ్బా అవతల పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను. అరచెయ్యి చూపించి, "గోంగూర పచ్చడి అమ్ముతున్నాను, కొంటారా?" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచారు. "అరవాలమ్మాయ్! మెల్లగా అడిగితే పిట్‌లో నిన్నెవడు పట్టించుకుంటాడు?"

అరిచాను. హాలంతా మావైపు తిరిగింది. ఆయన నవ్వారు. బల్ల మీద ఆన్చిన కుడిచెయ్యి బొటనవేలంత మేర ఆయనవైపు తిరిగింది. పదో విజిట్ నోట్‌లో మెరుగు ఉందని నిజాయితీగానే రాశాను.

గోంగూర అయింది, ఆవకాయ అయింది, రెండు నెలలు బేరాలాడుకున్నాం. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మార్కెట్ కూలిన ఆ రోజు ఎందుకు అమ్మలేదు అంకుల్?"

"చెయ్యి అటు తిరగలేదమ్మా. ఇంకాసేపట్లో ధర పైకొస్తుందని కొంటూనే ఉన్నాను. సుభద్ర ఫోన్‌లో చాలండీ, వచ్చేయండి అంటూనే ఉంది."

మార్చిలో, క్లినిక్‌లోని ప్రాక్టీస్ కిచెన్‌లో సుభద్రగారు టిఫిన్ డబ్బా విప్పి పప్పన్నం వడ్డించారు. ఆయన వేళ్ళు తడబడ్డాయి, సగం మెతుకులు చొక్కా మీద పడ్డాయి. మూడోసారికి ముద్ద నోట్లోకి వెళ్ళింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. సుభద్రగారు సంబరంగా ఇంకో గరిటె ఎత్తారు.

ఆయన కుడిచెయ్యి లేచింది. అరచెయ్యి అవతలికి తిరిగింది.

"చాలు సుభద్రా."

గరిటె గాల్లోనే ఆగింది. "ఈ మాట కోసం ఇరవై ఏళ్ళు చూశానండీ" అని ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత కొత్త పేషెంట్ ఎవరొచ్చినా పెగ్స్ డబ్బా ముందుగా తియ్యలేదు. ఈ చెయ్యి ఇన్నాళ్ళూ ఏం పని చేసింది అని అడిగి, కుర్చీ దగ్గరికి లాక్కుని వింటాను.