చదివితే పోతుంది

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా మోటార్ వైండింగ్ దుకాణం నడిపే సంగమేశ్వర్‌కు చదువు పిచ్చి అని ఊళ్లో పేరుంది. నాది పక్కనే విత్తనాల దుకాణం కాబట్టి అసలు సంగతి నాకు తెలుసు. అతనిది చదువు పిచ్చి కాదు, చదవబోయే పిచ్చి. కందికి పట్టే పురుగు గురించి కానీ, చంద్రుడి మీది నీళ్ల గురించి కానీ, ఫోన్లో ఏది కనబడినా ఒక్క నొక్కు నొక్కి 'తర్వాత చదువుదాం' అని దాచేవాడు. ఆ 'తర్వాత' అనేది రావడం నేనైతే చూడలేదు.

అట్లా దాచిపెట్టే కంపెనీ ఒకటి ఉండేది. ఒకరోజు మూసేస్తున్నామని చెప్పి మూసేసింది. సంగమేశ్వర్‌కు అన్నం సయించలేదు. తర్వాత, మన సామాను వేరేవాళ్ల ఇంట్లో పెట్టడమే తప్పని తేల్చాడు. అదే పని చేసే ప్రోగ్రాం ఒకటుందనీ, దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని సొంత కంప్యూటర్లో నడుపుకోవచ్చనీ వీడియోల్లో చూశాడు. మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చి, కాలిపోయిన మోటార్ల మధ్య ఇనుప స్టూలు మీద పెట్టాడు. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టర్ తగిలించాడు. మొత్తం కలిపి దానికి డబ్బా అని పేరు పెట్టాడు. అది కుదిరేదాకా మోటార్ల కోసం వచ్చిన రైతులందరూ డబ్బాను తిట్టిపోశారు. నేనూ తిట్టాను, ఎందుకంటే వాళ్లు ఎదురుచూసింది నా దుకాణం మెట్ల మీద.

డబ్బా మాత్రం నడిచింది. ఫోన్లో నొక్కితే వ్యాసం మొత్తం, ఫొటోలతో సహా, వచ్చి అందులో పడేది. అవతల అసలుది ఉన్నా పోయినా దీనికి పట్టింపు లేదు. ఒక్కటే ఇబ్బంది, అందులో జాగా తక్కువ. చూస్తుండగానే నిండబోయింది. దానికి సంగమేశ్వర్ తన దుకాణం పద్ధతే పెట్టాడు. అతని దగ్గర బాగయిన మోటార్ ఆ సాయంత్రమే బయటికి పోవాలి, కానిది ఎన్నేళ్లయినా ఉండొచ్చు. కల్హేర్ నుంచీ నాగల్‌గిద్ద నుంచీ వచ్చి బాగుకాక మిగిలిన మోటార్లు గోడ పొడుగునా పేరుకుని ఉన్నాయి. డబ్బాకూ అదే రూలు రాశాడు. చివరిదాకా చదివింది ఆ రోజుతో చెరిగిపోవాలి, చదవనిది ఉండాలి.

"అయిపోయిన పని దుకాణంల ఎందుకు?" అన్నాడు నాతో.

నాకు సబబుగానే అనిపించింది. ఈ బజారులో ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది.

ఇక మాణిక్యప్ప సంగతి. ఈయన సంగమేశ్వర్‌కు బావ, అక్క హన్మమ్మ భర్త. చేను నాగల్‌గిద్ద దగ్గర, ఇల్లు ఇక్కడే. పొలం పనుల నడుమ ఫోన్లో వ్యాసాలు రాసేవాడు. కందిపూత గురించి, ఎండిన బాయిల గురించి, మన మాటల్లో కలిసిపోయిన కన్నడం గురించి. జహీరాబాద్‌లో ఒకాయన నడిపే చిన్న వెబ్ పత్రికలో అవి వచ్చేవి. వచ్చిన ప్రతిదాన్నీ బామ్మర్దికి పంపి, మర్నాడు దుకాణం ముందు బండి ఆపేవాడు.

"సదివినవా?"

"సదివిన బావా. మంచిగున్నది."

ఈ రెండు మాటలూ నాకు విని విని విసుగొచ్చింది. ఏది మంచిగున్నదో సంగమేశ్వర్ ఎన్నడూ చెప్పలేదు, మాణిక్యప్ప అడగలేదు. రాసేవాళ్లకు మంచిగున్నదంటే చాలు, వివరాలు అక్కర్లేదు.

హన్మమ్మ పోయినేడు వానాకాలంలో పోయింది. జ్వరమని దవాఖానకు తీసుకపోయారు, ఆమె తిరిగి రాలేదు. చాలా మంచి మనిషి. తర్వాత మాణిక్యప్ప ఆమె గురించి ఒకే ఒక్కటి రాశాడు, ఎల్లమాస నాడు ఆమె ఎట్లా ఉండేదో. మా దిక్కు చలికాలంలో ఒక అమావాస్యకు ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, భూమికి మొక్కి, చుట్టాలతో అక్కడే కూర్చుని తింటారు. అదే ఎల్లమాస.

ఈ ఏడు ఎల్లమాస దగ్గరపడింది. చేన్లో అందరూ కూర్చున్నప్పుడు ఆమె గురించి రాసింది చదివి వినిపించాలని మాణిక్యప్ప అనుకున్నాడు. ఫోన్ తీసి చూస్తే పత్రికే లేదు. దాన్ని నడిపే ఆయన ఫోన్ కలవలేదు. మాణిక్యప్ప ఏది రాసినా నేరుగా ఆ సైట్లోనే టైపు చేసేవాడు, తన దగ్గర కాపీ ఉంచుకోలేదు. పరేషాన్ అయి దుకాణానికి వచ్చాడు.

"సంగమేశ్, నా రాతలన్ని నీ డబ్బల ఉన్నయ్ గద?"

"ఉన్నయ్ బావా," అన్నాడు సంగమేశ్వర్. అంటూనే లేచి నిలబడ్డాడు. కంప్యూటర్‌కూ బావకూ మధ్య నిలబడాలని చూశాడు కానీ మాణిక్యప్ప అప్పటికే కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

తెర మీద అన్నీ ఉన్నాయి. ఒక్కోదాని పక్కన డబ్బా తనకు తెలిసిన నిజం రాసి పెట్టింది. మాణిక్యప్ప బడిలో హాజరు పిలిచినట్టు పైకి చదివాడు. "కందిపూత. చదవలేదు. ఎండిన బాయిలు. చదవలేదు. మన మాటల కన్నడం. చదవలేదు."

నేను బాగా వినబడాలని మెట్టు దిగి వచ్చాను.

"ఒక్కటి గూడ సదవలేదారా?"

"టైం దొరకలే బావా."

"ఇన్నేండ్ల సంది దొరకలేదా?"

సంగమేశ్వర్ రాగితీగ చుట్టను చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టాడు.

"సరే తియ్యి," అన్నాడు మాణిక్యప్ప. "మీ అక్కది సూపియ్యి."

"అది లేదు బావా."

"అన్ని ఉండంగ గదొక్కటే ఎందుకు లేదు?"

"గదొక్కటే సదివిన. సదివితే పోతది. నేనే అట్ల పెట్టిన."

మాణిక్యప్ప అక్కడున్న ఒక మోటార్ మీద కూలబడ్డాడు. "సదువుమన్నయి సదవకపోతివి. సదవకుండ ఉండాల్సింది సదివితివి," అన్నాడు. వేరే రోజైతే నేను నవ్వేవాణ్ని.

"మళ్ల రాయరాదు, మాణిక్యప్పా?" అన్నాను.

"కూసుంటున్న. వస్తలేదు. గప్పుడు గా దుఃఖంల రాసిన, ఏం రాసిన్నో యాదికి లేదు."

"నాకు యాదికున్నది," అన్నాడు సంగమేశ్వర్. "గా రోజు పొద్దంత అదే సదివిన. నేను చెప్త, నువ్వు కొట్టుకో."

మాణిక్యప్ప ఫోన్ తీశాడు. సంగమేశ్వర్ చేతులు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. తెల్లారకముందే లేచి ఆమె జొన్నరొట్టెలు చేయడం, బజ్జికూర గంపలో సర్ది ఎవరినీ ముట్టనివ్వకపోవడం, చేను చుట్టూ తిరిగి భూమికి మెతుకులు చల్లడం, అందరూ తిన్నాక మిగిలింది తినడం. మాణిక్యప్ప ఒక్క వేలితో టైపు చేస్తూ "ఔ, గట్లనే రాసిన" అంటున్నాడు.

"కాళ్లు గుంజుతున్నయని అందరికంటె ముందు ఇంటికి మర్లేది, అని రాసినవ్," అన్నాడు సంగమేశ్వర్.

"ఔ."

"కాళ్లు గుంజి గాదు బావా. పండుగ నాడు గూడ నేను దుకాణం ముయ్యనని, నాకు బువ్వ కట్టుకొని ఈడికి వస్తుండె."

మాణిక్యప్ప వేలు ఆగింది. "గిది నేను రాయలే."

"నువ్వు రాయలే. నీకు తెల్వది."

"వచ్చి ఏమంటుండె?"

సంగమేశ్వర్ డబ్బా వైపు చూశాడు. "ఆఖరు సారి వచ్చినప్పుడు అడిగింది. మీ బావ కందిపువ్వు మీద రాసిండట, బాయి మీద రాసిండట. నాకా, సదువు రాదు. నా మీద ఎప్పుడన్న రాస్తే నువ్వు సదివి నాకు చెప్పు, అన్నది."

మాణిక్యప్ప కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. నేను వీధి వైపు తిరిగి నిలబడ్డాను.

"గిది గూడ రాయాల్నా?" అన్నాడు చివరికి.

"రాయి బావా."

ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ రాశాడు. అంతా అయ్యాక ఫోన్ బామ్మర్ది చేతిలో పెట్టాడు.

"ఎల్లమాస నాడు దుకాణం మూసి చేనుకు రా," అన్నాడు. "నువ్వే సదువు. ఆమె నిన్ను అడిగింది, నన్ను గాదు."