జగన్నాథరావు గారి కారు ఎక్కడ పడుకుంటుంది

నందిగామలో ప్రేమదాసు అంత సంతోషంగా లారీ దిగినవాడు ఇంకొకడు లేడు. హైదరాబాదు రోడ్డు మీద లారీ తోలుతూ, గరికపాడు దగ్గర నులకమంచాల మీద పడుకునీ పడుకునీ, వీపు మీద నులక అచ్చు పడిపోయిందనీ, చొక్కా విప్పితే దాని మీద పులీమేకా ఆడుకోవచ్చనీ తనే చెప్పుకునేవాడు. అయితే లారీ మానడానికి కారణం వీపు కాదు, కృపావతి. జగ్గయ్యపేటలో చిన్నపిల్లల పంతులమ్మ. ఆమె తల్లి ఆరోగ్యమ్మ పెట్టిన షరతు ఒక్కటే: అల్లుడు రాత్రిళ్లు ఇంట్లో పడుకోవాలి. లారీ డ్రైవరు పెళ్లాం మొగుడి మొహాన్ని ఇరుగుపొరుగుల్ని అడిగి గుర్తుపట్టాల్సి వస్తుందని ఆవిడ భయం.

అందుకని ప్రేమదాసు ఊళ్లోనే మోతుబరి అయిన జగన్నాథరావు గారి దగ్గర కారు డ్రైవరుగా కుదిరాడు. కారు దాని ఇంట్లో పడుకుంటుంది, నేను నా ఇంట్లో పడుకుంటానని ఆరోగ్యమ్మకి మాటిచ్చాడు.

కారు ఇల్లు అప్పుడే లేస్తోంది. జగన్నాథరావు గారి తోడల్లుడు వెంకటరత్నం గారు జగ్గయ్యపేటలో ఉంటారు. ఆయనకీ కారుంది, రాత్రయితే వీధిలోనే టార్పాలిన్ కప్పుకుని పడుకుంటుంది. మన కారు అలా దిక్కులేకుండా పడుకోదని జగన్నాథరావు గారు చందర్లపాడు నుంచి బసవయ్య మేస్త్రిని పిలిపించారు. బసవయ్య జన్మంతా ఎద్దుబండ్లకి కొట్టాలు కట్టినవాడు. ఇటు చక్రం నుంచి అటు చక్రానికి తాడు పట్టి, రెండు పక్కలా జానెడు వదిలి గోడలు లేపాడు. బండికైతే అది ధారాళం. బండి దిగేది ముందు నుంచో వెనక నుంచో గదా. కారుకి తలుపులు పక్కన ఉంటాయన్న సంగతి మేస్త్రికీ తట్టలేదు, యజమానికీ తట్టలేదు.

గృహప్రవేశం నాడు జగన్నాథరావు గారు పట్టుపంచె కట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. కొబ్బరికాయ కొట్టారు, ప్రేమదాసు కారు లోపలికి పోనిచ్చాడు, ఊరంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఎవరూ దిగలేదు. దిగబోతే తలుపు జానెడు తెరుచుకుని గోడకి కొట్టుకుంది. ఆయన గోడకేసి చూసి, లోపల చల్లగా ఉందనీ, కాసేపు కూర్చుంటాననీ ప్రకటించారు. కాఫీ కిటికీలోంచి అందింది. జనం కదిలేదాకా అక్కడే కూర్చుని, ఆనక బయటికి తీయించి దిగారు.

ఒక పక్క గోడ అవతల ఆయన అన్నగారి స్థలం, రెండో పక్క బావి. గోడ జరపడానికి లేదు. జరిపితే ఊళ్లో నవ్విపోతారు కూడా. పోనీ బయటి నుంచి నెట్టుకుంటూ లోపలికి పంపుదామని ప్రేమదాసు అంటే, నెడుతుంటే చెడిపోయిన కారు అనుకుంటారని ఆయన ఒప్పుకోలేదు. కారు మాత్రం షెడ్డులోనే పడుకోవాలి. అంటే ప్రేమదాసు కూడా కారులోనే పడుకోవాలి. పొద్దున్నే వెనక్కి తీసుకుని బయటపడ్డాక, వంగిన మెడని సరిచేసుకోవడానికి ఒక గేదె సాయం కావాల్సొచ్చేదని చెప్పేవాడు. ఆ గేదె ఎలా సాయం చేసేదో అడిగినవాళ్లకి రోజుకో రకంగా చెప్పేవాడు.

చర్చిలో మూడు ఆదివారాలు వేసే పెళ్లి చాటింపు రెండుసార్లు అయింది. ఇంక ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆరోగ్యమ్మ పొద్దున్నే మొదటి బస్సు దిగి, కాబోయే అల్లుడి ఇల్లు చూద్దామని వచ్చింది. ఇంటికి తాళం. ఎదురింటి వాళ్లు షెడ్డు చూపించారు. ఆవిడ అక్కడికి వెళ్లేసరికి కారు వెనక్కి నడుచుకుంటూ వస్తోంది, కిటికీలోంచి అల్లుడి తల చెదిరిన జుట్టుతో బయటికొచ్చింది.

"లారీవాళ్లు నయం నాయనా," అంది ఆరోగ్యమ్మ. "వాళ్లకి మంచమన్నా ఉంటుంది."

ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "ఆదివారం మూడో చాటింపు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమంటారు గదా. ఆలోపు నువ్వు ఇంట్లో పడుకోకపోతే నేనే లేచి నిలబడతా."

ఆ మర్నాడు కారు జగ్గయ్యపేట పోతుంటే ప్రేమదాసు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. కబుర్లపోగు నోరు మూసుకుంటే యజమానికి తోచలేదు.

"ఏమైందిరా?"

"ఏం లేదండి. పేటలో ఒక మాట అనుకుంటున్నారు. నాకు చెప్పడం ఇష్టం లేదు."

"చెప్పు."

"మీ కారు ఎంతకమ్మారని అడుగుతున్నారండి. వెంకటరత్నం గారి కారు పొద్దస్తమానం వీధిలో కనపడుతుంది గదా. మనది సాయంత్రం అయ్యేసరికి తలుపుల వెనక. అమ్మేసి ఉత్త షెడ్డుకి తాళం వేశారని..."

ఆ రాత్రి నుంచి కారు ఇంటి ముందు, రోడ్డు మొహంగా నిలబడింది. కారుకి గాలి తగలాలని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉందని జగన్నాథరావు గారే అందరికీ చెప్పారు. ఖాళీ షెడ్డులోకి ఎవరైనా తొంగిచూస్తే ఆ జానెడు సంగతి బయటపడుతుందని, అందులో కాపురం పెట్టమని ప్రేమదాసుకి ఆయనే అన్నారు.

ఆదివారం పాస్టరుగారు అభ్యంతరాలు అడిగినప్పుడు ఆరోగ్యమ్మ గట్టిగా దగ్గింది. ప్రేమదాసు సగం లేచి వెనక్కి చూశాడు. దగ్గే, ఇంకేం కాదు.

కృపావతి వచ్చాక షెడ్డు రైలుపెట్టెలా తయారైంది. మంచం, పెట్టె, పొయ్యి, ఒకదాని వెనక ఒకటి. చుట్టాలొస్తే వరసలో కూర్చునేవారు. చివరివాళ్లకి కాఫీ చేతులు మారి చేరేసరికి చల్లారిపోయేది. ఆరోగ్యమ్మకి ఆ ఇంట్లో లోపం ఏమీ కనపడలేదు. అల్లుడు లోపల ఉన్నాడు, కారు బయట ఉంది.

ఏడాది తిరక్కుండా కారు మరమ్మతుకి బెజవాడ వెళ్లింది. ప్రేమదాసు దాన్ని అక్కడ వదిలి బస్సులో ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రమే వెంకటరత్నం గారు చెప్పాపెట్టకుండా దిగారు. ఇంటి ముందంతా చూశారు.

"కారేది అన్నగారూ? అమ్మేశారా?"

"షెడ్డులో ఉంది," అన్నారు జగన్నాథరావు గారు, మీసం తిప్పుతూ.

సరిగ్గా అప్పుడే మూసిన తలుపుల వెనక నుంచి సన్నగా మొదలై, ఆగకుండా, అంతకంతకూ పెద్దదవుతూ ఏడుపు వినపడింది. వెంకటరత్నం గారు చెవి అటు పెట్టారు. జగన్నాథరావు గారు ప్రేమదాసు వైపు చూశారు.

"హారనండి," అన్నాడు ప్రేమదాసు. "కొత్తది. పాలు పట్టేదాకా ఆగదు."