వాళ్ళ దూదితో కట్టిన గూడు

తిరుపతిలో మేము కాపురమున్న సందులో మా వసారాకూ పక్కింటి కిటికీకీ మధ్య ఒక మనిషి నడిచేంత జాగా మాత్రమే ఉండేది. ఆ ఇంట్లో దూది ఏకి పరుపులు కుట్టే ఒకాయన, ఆయన భార్య, ముసలి తల్లి ఉండేవాళ్ళు. ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం, ఆయన కామెర్లతో పోయాడు. పసరు మందు మింగించారు, ఆసుపత్రిలో చేర్చారు, ఏదీ పనిచేయలేదు. చిన్న వయసు. పిల్లలు కూడా లేరు.

వాళ్ళు ముస్లింలు. వాళ్ళలో భర్త పోయిన ఆడమనిషి ఇద్దత్ అని నాలుగు నెలల పైచిలుకు గడప దాటదు. నేను బడిలో పాఠాలు చెప్పి ఇంటికి రాగానే ఇంత అన్నమో ఉప్మానో గిన్నెలో పెట్టుకొని వెళ్ళేదాన్ని. ఆమె గిన్నె అందుకుని అత్తకు పెట్టేది. నువ్వూ తినమంటే "తింటాలే అక్కా" అనేది. ఊరికే కూర్చుని వచ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే మా వసారాలో బట్టలారేసే తీగకు ఒక తేనెపిట్ట గూడు మొదలుపెట్టింది. బొటనవేలంత పిట్ట. సాలెపోగులు, ఎండుటాకులు, బెరడు ముక్కలు తెచ్చి చిన్న సంచిలాగా వేలాడదీసింది. బట్టలు మేడమీదికి మార్చాం. ఆ సంగతి చెబుదామని వెళ్తే ఆమె అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, దాని నోట్లో తెల్లగా ఉండాదే, సూసినావా? అది మా దూదే. ఇంటెనకాల మూట చినిగి ఉండాది. ఆయన ఏకి పెట్టిందే."

ఆయన పోయాక ఆమె నోట అన్ని మాటలు రావడం అదే మొదలు. ఆ తర్వాత నేను వెళ్ళేసరికి ఏదో ఒక కబురు సిద్ధంగా ఉండేది. "గుడ్లు పగిలి పిల్లలు లేచినాయక్కా." "ఈ పొద్దు నోర్లు బయట పెట్టినాయి, ఎంత ఎర్రగా ఉండాయో!" ఒక సాయంత్రం నా ఎదుటే కూర్చుని అన్నం తిన్నది. ఇంటికొచ్చి మా ఆయనకు ఆ మాట చెబుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి వసారా అంతా దూది. గూడు చీలికలై వేలాడుతోంది. పక్కింటి కిటికీ మూసి ఉంది. పరుగున వెళ్ళాను. ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది.

"కాకి వచ్చిందక్కా. అరిసినా, తప్పట్లు కొట్టినా, ఊచల్లోంచి చెయ్యి పెట్టి అదిలించినా. అత్తకు చెవులు వినపడవు. సందులో ఎవురూ లేరు. గడప కాడికి పోయి ఆడనే నిలబడిపోయినా. ఒకదాన్ని ఎత్తుకపోయి, మళ్ళా రెండోదానికి వచ్చింది."

మూసిన కిటికీ వైపు చూసింది.

"ఆయన్ను గూడా ఇట్లే సూస్తా ఉండిపోతిని గదక్కా."

పిట్ట మళ్ళీ కట్టుకుంటుందిలే అనబోయాను. అనకుండా, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాను.

ఆ కిటికీ మళ్ళీ తెరుచుకోలేదు. అత్త తినగా, ఆమె వంతు గిన్నెలో అలాగే తిరిగి వచ్చేది. ఇద్దత్ తీరగానే పూతలపట్టు నుంచి అన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు.

చాన్నాళ్ళకు ఒకసారి వెతుక్కుంటూ వెళ్ళాను. ఆమె అన్న ఇంటి ముందు కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. సగానికి సగం చిక్కిపోయింది. "బాగుండావా అక్కా" అంది, తల ఎత్తకుండానే. నేనూ పక్కన కూర్చుని ఒలిచాను. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబు. "పో అక్కా, బస్సు పోతాది" అంది చివరికి. నేను లేచి నిలబడినా ఆమె చేతులు ఆగలేదు.